ముసలి మోటార్లకు ఉచిత వైద్యులు

మనిషికి వయసు మళ్ళితే ఇంటిల్లిపాదీ వైద్యులైపోతారు. ఒకరు మిరియాల కషాయం అంటారు. ఒకరు వాము అంటారు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా ఏదో ఆకు పసరు చెబుతారు. మోటారు కారుకు వయసు మళ్ళితే మాత్రం పలకరించే నాథుడుండడు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడి వుంటుంది. మూతపడకపోతే ఇంకొక కంపెనీలో కలిసి, ఆ కలిసినది మరొక దానిలో కలిసి, చివరకు మన బండి పేరెత్తగానే "అదేమిటండీ?" అని ఎదురడిగే కుర్రవాడు టెలిఫోను దగ్గర కూర్చుని వుంటాడు. విడిభాగాలు దొరకవు. బండితో ఇచ్చిన పుస్తకం ఎలుకలు కొట్టేసి వుంటాయి. వీధి చివరి షెడ్డులో మెకానిక్కు మంచివాడే గాని, అతను పుట్టకముందే ఆ బండి తయారీ ఆగిపోయింది.

అటువంటి బండిని పాత ఇనుము వాడికి తూకానికి వేయకుండా, ఇంట్లో మనిషిలా చూసుకుంటూ, ఆదివారం పూట తుడిచి మెరుగు పెట్టుకునేవాళ్ళు ప్రతి దేశంలోనూ వున్నారు. బ్రిటన్‌లో మరీ ఎక్కువ. వాళ్ళంతా అక్కడ సంఘాలు పెట్టుకున్నారు. ఆ సంఘాల్లో కొందరు పెద్దమనుషులు జీతం బత్తెం లేని ఒక ఉద్యోగం నెత్తికెత్తుకున్నారు. బండి మొరాయించి, దిక్కు తోచక టెలిఫోను చేసినవాడికి రోగమేమిటో, మందేమిటో చెప్పడమే ఆ ఉద్యోగం. వాళ్ళకు సాంకేతిక సలహాదారులని పేరు. ఈ వారం వాళ్ళ సంగతి ముచ్చటించుకుందాం.

మొదటి పని జాతకం చూడడం

1896 నవంబరు 14వ తేదీన లండన్ నుంచి బ్రైటన్ అనే సముద్రపుటూరికి కొన్ని మోటార్లు ఊరేగింపుగా బయలుదేరాయి. బండి ముందు ఒక మనిషి నడవాలనీ, వేగం గంటకు నాలుగు మైళ్ళు మించరాదనీ అంతవరకు వున్న చట్టం ఆనాటితో పోయింది. ఆ సంతోషంలో జరిగిన ఊరేగింపు అది. 1927లో దాన్ని గుర్తుచేసుకుంటూ పాత బండ్లతోనే మళ్ళీ ఒక ప్రయాణం చేశారు. ఆ ఆచారం ఈనాటికీ సాగుతున్నది. 1905 రాకముందు తయారైన బండ్లకు మాత్రమే అందులో ప్రవేశం.

నిబంధన పెట్టగానే తగవు వచ్చిపడింది. "మా బండి 1904 నాటిది" అని యజమాని అంటాడు. కాదని ఎవరు చెప్పాలి? 1930లో బ్రైటన్‌లోని ఓల్డ్ షిప్ హోటల్లో ప్రాచీన మోటార్ల సంఘం పుట్టింది. బండి పుట్టిన ఏడు నిర్ణయించడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి అయింది. ఇంజను మీద అంకె, చట్రం మీద ముద్ర, ఆనాటి కంపెనీ జాబితాల్లోని బొమ్మలు, ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని, జాతకాలు చూసే సిద్ధాంతిగారి లాగా జన్మసంవత్సరం తేల్చేవాళ్ళు తయారయ్యారు. నేటి సలహాదారులకు వాళ్ళే మూలపురుషులనుకోవచ్చు.

అదే 1930లో ఎం.జి. కార్ల సంఘం వచ్చింది. 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ వచ్చింది. 1953లో 'జెనెవీవ్' అనే సినిమా ఆడింది. అందులో అసలు కథానాయిక 1904 నాటి డరాక్ కారేనని చూసినవాళ్ళంటారు. ఆ సినిమా తరువాత పాత బండి పెంచుకోవడం పిచ్చివాళ్ళ పని కాదు, సరదా అయిన పని అని జనానికి అనిపించింది. తరువాత ఒక్కొక్క రకానికీ ఒక్కొక్క సంఘం పుట్టుకొచ్చింది. 1988లో వీటన్నిటికీ కలిపి ఒక సమాఖ్య ఏర్పడింది. అందులో నేడు అయిదు వందలకు పైగా సంఘాలు వున్నాయి.

పత్రిక చివరి పుట

సంఘానికొక పత్రిక వుంటుంది. అందులో ముఖచిత్రం, అధ్యక్షులవారి సందేశం, విహారయాత్రల ఛాయాచిత్రాలు అన్నీ అయిన తరువాత ఒక పుటలో కొన్ని పేర్లు, వాటి పక్కన టెలిఫోను నంబర్లు అచ్చువేస్తారు. ఫలానా రకం బండికి ఫలానావారు. గేరు పెట్టెకు ఒకరు, విద్యుత్తు తీగలకు ఇంకొకరు, కొయ్యపనికి వేరొకరు. చాలాచోట్ల అడుగున ఒక చిన్న మనవి కూడా వుంటుంది: భోజనాల వేళా, రాత్రి పొద్దుపోయిన తరువాతా దయచేసి పిలవవద్దని. ఆ మనవి రాయించినవారు సలహాదారుగారి భార్యే అయివుంటారని ఊహించడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు.

వీళ్ళలో ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీర్లున్నారు. బడిపంతుళ్ళున్నారు. బ్యాంకు గుమాస్తాలున్నారు. ఒకే బండిని ముప్పయ్యేళ్ళు నడిపి, ప్రతి బోల్టూ పదిసార్లు విప్పి బిగించినవారున్నారు. వాళ్ళకు పరీక్ష లేదు, పట్టా లేదు. 'ఆయన్ని అడిగితే తెలుస్తుంది' అని నలుగురూ అనడమే పట్టా.

బండిని కంటితో చూడకుండా, చేత్తో తాకకుండా రోగం కనిపెట్టాలి. అదీ వీళ్ళ కష్టం. అవతలివాడు "టకటకమంటున్నది" అంటాడు. ఏ టకటక? ఇంజను వేగంతో పాటు పెరిగేదా, చక్రం వేగంతో పెరిగేదా? చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకనా? మలుపు తిరిగేటప్పుడా, తిన్నగా పోయేటప్పుడా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు వస్తే సగం రోగం తెలిసినట్టే. అనుభవం గల సలహాదారు అన్నిటికంటె ముందు అడిగే ప్రశ్న మరొకటి వుంది. "ఇది చెడకముందు ఆఖరుసారి దేని మీద చెయ్యి పెట్టారు?" అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత మెల్లగా, "నిన్ననే తీగలు కాస్త సర్దాను లెండి" అని జవాబు. బండి చెడిపోవడం వేరు, మనం చెడగొట్టడం వేరు. రెండోదే ఎక్కువ.

ఒకసారి ఒకే మార్పు చేయమని వాళ్ళు మొత్తుకుంటారు. ఒకే పూట ప్లగ్గులు మార్చి, కార్బ్యురేటరు విప్పి, పాయింట్లు సరిచేస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. పాడైతే అంతకంటె తెలియదు. కార్బ్యురేటరు జబ్బుల్లో చాలా భాగం నిజానికి విద్యుత్తు జబ్బులేనని మెకానిక్కుల్లో ఒక సామెత కూడా వుంది. పెట్రోలు సరిగా రావడం లేదని గోల పెట్టేవాడికి తరచు నిప్పురవ్వే సరిగా రావడం లేదు.

పానా పట్టింది, నట్టు ఎక్కదు

వీళ్ళ దగ్గరికి వచ్చే చిక్కుల్లో కొన్ని కథల్లా వుంటాయి. ఒకటి చెబుతాను.

1939 నుంచి 1955 వరకు వచ్చిన ఎం.జి. టి-రకం బండ్ల ఇంజను ఒకటుంది. కొత్తగా దాన్ని కొన్నవాడు ఆంగ్లేయుల పాత విట్‌వర్త్ పానా తీసుకుంటాడు. బోల్టు తలకు అది చక్కగా పడుతుంది. ఇంకేం, ఇది విట్‌వర్త్ బోల్టే అనుకుని బజారు నుంచి కొత్త విట్‌వర్త్ నట్టు తెస్తాడు. అది ఎక్కదు. బలవంతాన తిప్పితే మర చెడుతుంది. తల ఒక దేశానిది, ఒళ్ళు ఒక దేశానిది అన్నట్టు వుంటుంది వ్యవహారం.

నిజంగా అంతే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధాల కంపెనీ ఇంగ్లండులోని కవెంట్రీలో ఒక కర్మాగారం పెట్టింది. వాళ్ళ యంత్రాలన్నీ ఫ్రెంచి పద్ధతిలో మిల్లీమీటర్ల మరలు కోసేవి. 1923లో విలియం మోరిస్ ఆ కర్మాగారాన్ని కొన్నాడు. యంత్రాలన్నీ మార్చాలంటే బోలెడు డబ్బు. అందుచేత మరను మిల్లీమీటర్లలోనే వుంచి, తల మాత్రం ఊళ్ళో అందరి దగ్గరా వున్న విట్‌వర్త్ పానాలకు సరిపోయేట్టు చేశారు. వందేళ్ళ కిందట ఒక పెద్దమనిషి పొదుపు చేసిన ఫలితం ఈనాటికీ పానా పట్టుకున్న ప్రతివాడి మీదా పడుతున్నది. సంఘంలో ఎవరినో ఒకరిని అడిగితే అయిదు నిమిషాల్లో తేలే సంగతి. అడగకపోతే ఇంజను దిమ్మెలోని మరలే పోతాయి.

ఇంకొక ముచ్చట. మోరిస్ మైనర్ కారు బానెట్టు మధ్య పొడుగునా నాలుగు అంగుళాల వెడల్పున ఒక పట్టీ ఎత్తుగా కనిపిస్తుంది. ఇది అతుకా, ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిందా అని కొత్తగా కొన్నవాళ్ళకు అనుమానం. అనుమానించనక్కరలేదు. ఆ కారును రూపొందించిన అలెక్ ఇసిగోనిస్‌కు, తయారీ మొదలు కావస్తున్న వేళ, బండి మరీ సన్నగా వున్నదని తోచింది. నమూనా బండిని నిలువునా రెండు చెక్కలుగా కోయించి, కంటికి నదురుగా కనిపించేదాకా ఆ చెక్కలను ఎడంగా జరిపించాడు. నాలుగు అంగుళాల దగ్గర సరే అన్నాడు. అప్పటికే తయారైపోయిన బంపర్లను కూడా మధ్యకు కోసి అతుకు వేయవలసి వచ్చింది. 1948లో బయటికి వచ్చిన ఆ కారు, పది లక్షలు అమ్ముడైన మొదటి బ్రిటిషు కారుగా పేరు తెచ్చుకుంది. దర్జీవాడు చొక్కా బిగుతైతే పక్కన గుడ్డ వేసినట్టే.

వినోదం కాని సంగతి

పైవి నవ్వుకోవడానికి బాగున్నాయి. నవ్వలేనివి కూడా వున్నాయి.

1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ కారు మన పెద్దలు చాలామందికి తెలుసు. 1961 నుంచి మదరాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. దాని ముందు చక్రాలు నిలబడే ఉక్కు కమ్మి అడుగున మర వుంటుంది. ఆ మర ఒక కంచు దిమ్మెలో తిరుగుతుంది. చక్రం పక్కకు తిప్పినప్పుడల్లా ఆ మరే తిరగాలి. అందువల్ల దానికి ఎప్పుడూ చమురు అందుతూ వుండాలి. తయారుచేసినవాళ్ళు చెప్పింది గేరు పెట్టెలో పోసే చిక్కని ఆయిలు. కాని అక్కడ వున్న ద్వారం గ్రీజు పెట్టేదాని లాగే కనిపిస్తుంది. కనిపించగానే మన చెయ్యి గ్రీజు గన్ను మీదికి పోతుంది. గ్రీజు మందంగా గడ్డకట్టి, మర లోతుల్లోకి పోకుండా పైనే ఆగిపోవచ్చు. లోపలికి నీరు చేరి తుప్పు పట్టవచ్చు. అసలు ఏమీ పెట్టకపోతే చెప్పనే అక్కరలేదు. అలా కొన్నేళ్ళు గడిచాక, ఒకనాడు చక్రం బాగా తిప్పిన క్షణంలో కమ్మి విరుగుతుంది. చక్రం బండి కిందికి ముడుచుకుపోతుంది. ఇంటి ముందు మెల్లగా తిప్పుకుంటున్నప్పుడు విరిగితే అదృష్టం. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు విరిగితే, లోపల వున్నది భార్యాబిడ్డలు.

ఇక్కడ సలహాదారు మాట విలువేమిటో తెలుస్తుంది. "గ్రీజు కాదు, గేరు ఆయిలు పెట్టండి, తరచుగా పెట్టండి, విప్పినప్పుడు ఆ మర మీద తుప్పుచార వుందేమో చూడండి" అని ఒక్క మాట. ఆ మాటకు వచ్చే రుసుము సున్న. కాపాడేది ప్రాణం.

గేరు ఆయిలు అన్నానని ఏదో ఒకటి పోయకూడదు. కొత్త రకం గేరు ఆయిళ్ళు కొన్నిటిలో కలిపే మందులు పాత గేరు పెట్టెల్లోని కంచు, ఇత్తడి భాగాలను తినేస్తాయి. డబ్బా ఖరీదైనదైతే మంచిదనుకోవడం పొరపాటు. అరవయ్యేళ్ళ కడుపుకు అరవయ్యేళ్ళ నాటి భోజనమే పథ్యం.

పెట్రోలు మారింది, కడుపు మారలేదు

ఈ పథ్యం మాట పెట్రోలు దగ్గర మరీ నిజం. 1920ల నుంచి పెట్రోల్లో సీసం కలిపేవారు. అది ఇంజను కొట్టుకోకుండా చూసేది. దానితో పాటు, వాల్వు వచ్చి కూర్చునే ఇనుప పీటకు మెత్తని దిండులా పనిచేసేది. అయితే పొగలో వచ్చే ఆ సీసం పసిపిల్లల మెదళ్ళకు విషం. కనుక బ్రిటన్‌లో 2000 జనవరి 1 నుంచి దాని సాధారణ అమ్మకం ఆపివేశారు. మన దేశంలోనూ అదే ఏడు పోయింది. పోవలసిందే, పోయింది.

కాని పాత బండ్లవాళ్ళకు గాభరా పుట్టింది. బజారులో రకరకాల మందు సీసాలు వెలిశాయి. ప్రతి సీసా మీదా అద్భుతాలు రాసి వున్నాయి. అప్పుడు సమాఖ్యవారు ఆ మందుల్లో కొన్నిటిని ఇంజను మీద పరీక్షకు పెట్టించి, పనిచేసినవాటిని మాత్రం సిఫారసు చేశారు. సలహాదారులు తమ సభ్యులను నిదానించమన్నారు. "ఇప్పుడే ఇంజను విప్పి డబ్బు తగలేయకండి. నెమ్మదిగా నడపండి. వాల్వు సందు అప్పుడప్పుడు కొలవండి. సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే పీట అరుగుతున్నదని గుర్తు. అప్పుడు గట్టి లోహపు పీటలు వేయించవచ్చు." వేలకొద్దీ కుటుంబాలకు దండుగ ఖర్చు తప్పించిన మాట ఇది.

తరువాతి చిక్కు ఇథనాల్. 2021 సెప్టెంబరు నుంచి గ్రేట్ బ్రిటన్‌లో మామూలు పెట్రోల్లో పది పాళ్ళ వరకు అది కలిసింది. మన దేశంలో ఇరవై పాళ్ళ పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరు గొట్టాలను కొన్నిటిని ఉబ్బిస్తుంది, కొన్నిటిని పగలగొడుతుంది. ఆ గొట్టం పోయేది కణకణలాడే ఇంజను పక్కనుంచి. ఒక్క చుక్క కారితే చాలు. అందుచేత, "గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే కొత్తరకంవి వేయండి, నెలల తరబడి బండి నిలిపివుంచితే ట్యాంకులో పాత పెట్రోలు వుంచకండి" అని వాళ్ళ పోరు. అటక మీద పాత నూనె డబ్బా దాచినట్టు పెట్రోలు దాచడం మంచిది కాదు.

'నాకు తెలియదు' అనగలగడం

ఈ కొలువులో అన్నిటికంటె కష్టమైన పని సలహా ఇవ్వడం కాదు, ఇవ్వకపోవడం. అవతలివాడు ఆశతో అడుగుతాడు. పది మందిలో పేరున్న మనిషికి 'నాకు తెలియదు' అనడం నామోషీ. కాని ఊహించి చెప్పిన మాట కూడా అవతలివాడి చెవిలో వేదవాక్కు అవుతుంది. బ్రేకుల సంగతి, స్టీరింగు సంగతి వచ్చినప్పుడు మంచి సలహాదారు తన హద్దు దగ్గర ఆగిపోతాడు. "ఇది టెలిఫోనులో తేలేది కాదు. బండి కదపకండి. తెలిసిన మెకానిక్కును రప్పించండి" అంటాడు. అడిగినవాడికి కోపం రావచ్చు. రానీ.

బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి, నలభై యేళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకు యేటేటా జరిగే తప్పనిసరి పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు. యజమానులు సంతోషించారు. సలహాదారుల మీద మాత్రం బరువు పెరిగింది. ఏడాదికొకసారైనా పరాయి కన్ను బండి అడుగుభాగం చూసేది. ఇప్పుడు చూడకపోయినా నేరం కాదు. అందుకే, చట్టం అడగకపోయినా స్వయంగా పరీక్ష చేయించుకోమని చెప్పే సలహాదారులున్నారు. డాక్టరు దగ్గరికి పోనక్కరలేదని సర్కారు అన్నంత మాత్రాన జబ్బులు రాకుండా పోవు కదా.

సంతకానికి విలువ

ఇంకొక బాధ్యత వుంది. అది డబ్బుతో ముడిపడినది. వెనకటి రోజుల్లో బండ్ల నంబర్ల పుస్తకాలు స్థానిక కౌన్సిళ్ళ దగ్గర వుండేవి. తరువాత అన్నీ స్వాన్సీ పట్టణంలోని కేంద్ర కార్యాలయానికి చేరాయి. 1983 నవంబరు నెలాఖరు లోపల అక్కడ నమోదు చేయించుకోని బండ్లు తమ పాత నంబరు పోగొట్టుకున్నాయి. కొట్టాల్లో, గడ్డివాముల చాటున మరిచిపోయిన బండ్లెన్నో అలా పేరు లేనివయ్యాయి. వాటికి పాత నంబరు తిరిగి కావాలంటే పాత కాగితం ఏదో చూపాలి, గుర్తింపు పొందిన సంఘం తరఫున ఒకరు పరిశీలించి సంతకం చేయాలి. ఇది నిజంగా ఆ బండేనని.

ఆ సంతకం వల్ల బండికి గుర్తింపు వస్తుంది. గుర్తింపుతో పాటు విలువ వస్తుంది. కనుక ఆశ పుడుతుంది. ఒక బండి చట్రం, మరొక బండి ఇంజను, మూడో బండి కాగితాలు కలిపి 'తాతగారి నాటి కారు' అని తీసుకువచ్చేవాళ్ళు లేకపోలేదు. తీసుకొచ్చినవాడు సంఘంలో స్నేహితుడే కావచ్చు. ఒక గిన్నెలో అన్నం తిన్నవాడే కావచ్చు. అయినా చట్రం మీద అంకె కొత్తగా చెక్కినట్టుంటే సంతకం పెట్టరాదు. జీతం లేని మనిషి, ఎవరి మెప్పూ అక్కరలేని ఒక నిజం కోసం స్నేహం పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. ఇలా తిరిగి ఇచ్చిన నంబరును ఇంకో బండికి మార్చి అమ్ముకునే వీలు లేకుండా సర్కారువారు కూడా కట్టడి చేశారు. మంచిదే. కాని మొదటి కాపలా సర్కారు కాదు, సలహాదారే.

పుస్తకంలో లేనిది

ఇంత చెప్పాక ఒక దిగులు మాట చెప్పక తప్పదు. ఈ మహానుభావుల్లో చాలామంది తమ బండ్లతో పాటే ముసలివారైపోతున్నారు. గేడన్‌లోని మ్యూజియములో ఫ్యాక్టరీల పాత చిట్టాలు భద్రంగా వున్నాయి. ఫలానా బండి ఏనాడు తయారైంది, మొదట ఏ రంగు వేశారు అంటే వెతికి ధృవపత్రం ఇస్తారు. కాని ఏ బోల్టు ముందు విప్పితే తక్కినవి సులువుగా వస్తాయో, ఏ చప్పుడుకు భయపడాలో, ఏ చప్పుడుకు భయపడనక్కరలేదో చిట్టాల్లో వుండదు. అది మనిషి చెవిలో, మునివేళ్ళలో వుంటుంది. మన ఇళ్ళలో అమ్మమ్మ ఆవకాయకు ఉప్పు 'చూసి' వేసినట్టు. ఆవిడ వున్నన్నాళ్ళూ ఎవరూ రాసుకోరు. పోయిన తరువాత యేడాది జాడీకి బూజు పడుతుంది. అప్పుడు గుర్తొస్తుంది.

బుద్ధిమంతులైన సంఘాలు మేలుకున్నాయి. వచ్చిన ప్రశ్నలూ జవాబులూ దాచి, ఒక్కొక్క రకం బండికి పుస్తకాలుగా కూర్చుతున్నాయి. దొరకని భాగాలను పాత నమూనా చూసి కొత్తగా పోతపోయించి సభ్యులకు అమ్ముతున్నాయి. పెద్దాయన పక్కన ఒక పడుచు సభ్యుణ్ణో, సభ్యురాలినో కూర్చోబెట్టి పని అప్పగిస్తున్నాయి. బైసెస్టర్‌లో ఒకనాటి వైమానిక స్థావరంలో పాత బండ్ల పనివాళ్ళు చేరారు. అక్కడ కుర్రవాళ్ళకు ఈ విద్య నేర్పే బడి కూడా నడుస్తున్నది.

మరి మన సంగతి?

ఇదంతా ఆంగ్లేయుల వేడుక, మనకెందుకు అనకండి. మోరిస్ మైనర్‌ను మన దేశంలో బేబీ హిందుస్థాన్ అన్నారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రూపమే మన అంబాసిడర్. ఆ రూపం వాళ్ళ దేశంలో 1959 నాటికే ఆగిపోతే, మనవాళ్ళు ఉత్తరపారాలో 2014 దాకా చేశారు. హెరాల్డుకు నాలుగు తలుపులు పెట్టింది వాళ్ళు కాదు, మదరాసువాళ్ళు. ఫియట్ కారు పద్మిని పేరుతో బొంబాయిలో తయారైంది. పెళ్ళికూతుర్ని అత్తవారింటికి తీసుకుపోయిన బండ్లివి, ఆసుపత్రికి పరుగెత్తి పురిటి బిడ్డను ఇంటికి తెచ్చిన బండ్లివి. వీటిలో కొన్ని ఈనాటికీ మన పెరళ్ళలో, రేకుల షెడ్లలో గోనెపట్టా కప్పుకుని వున్నాయి.

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వీటి కోసం కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై యేళ్ళు దాటి, అసలు రూపం మార్చని సొంత వాహనాలను 'వింటేజి'గా నమోదు చేయవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. పదేళ్ళ తరువాత తిరిగి చేయించడానికి 5,000. నంబరు పలకలో 'వి.ఎ.' అనే అక్షరాలుంటాయి. రోజువారీ తిరగడానికీ, అద్దెకూ వాడకూడదు. బండి అర్హమైనదా కాదా అని చూడడానికి రాష్ట్రంలో ఒక సంఘం వుండాలని కూడా నిబంధన. అంటే పాత బండిని చూసి నిజం చెప్పగల కళ్ళు మనకూ కావలసి వచ్చాయన్నమాట.

ఆ కళ్ళు మనకు లేకపోలేదు. నలభై యేళ్ళు అంబాసిడర్ ఇంజన్లు విప్పిన మేస్త్రీలు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. చప్పుడు వినగానే ఏ బేరింగు పోయిందో చెబుతారు. వాళ్ళను సలహాదారులని ఎవరూ అనలేదు, వాళ్ళ పేరు ఏ పత్రిక చివరి పుటలోనూ పడలేదు. వాళ్ళ పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. చెప్పించుకునేవాడు లేక ఆ విద్య షెడ్డులోనే వుండిపోయింది.

కనుక ఇంట్లో పాత బండి వున్నవాళ్ళకు ఒక మనవి. దాన్ని తుడిచి ముగ్గు వేసి ఊరుకోకండి. దాని సంగతి తెలిసిన మేస్త్రీగారిని ఒక ఆదివారం పిలవండి. కాఫీ ఇవ్వండి. పని చేయించుకున్నా చేయించుకోకపోయినా, చెప్పింది పిల్లవాడి చేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఏ ఆయిలు, ఎంత సందు, ఏ భాగానికి బదులు ఏది సరిపోతుంది. చెల్లవలసిన కూలి మాత్రం చెల్లించండి. ఉచితంగా చెప్పేవాళ్ళు గొప్పవాళ్ళే గాని, ఉచితంగా చెప్పించుకోవడం మనకు గొప్ప కాదు.

ఇనుము తుప్పు పడితే గీకి రంగు వేయవచ్చు, విరిగితే అతకవచ్చు. తెలిసిన మనిషి వెళ్ళిపోతే మాత్రం ఏ సంఘమూ, ఏ షెడ్డూ ఆ భాగాన్ని కొత్తగా పోతపోయలేదు.